దయారాణి సిస్టర్ అసలు వయసు

దయారాణి సిస్టర్ వయసు ముప్పై మూడు. అబుదాబి తెలుగు చర్చిలో అందరికీ ఆవిడ చెప్పుకున్న లెక్క అది. అందరూ నమ్మారు కూడా. నమ్మక ఏం చేస్తారు? మొహం మీద ఒక్క ముడత లేదు, జుట్టు నిగనిగలాడుతోంది, నడకలో ఇంకా కాలేజీ పిల్ల చురుకుంది. "ఏం రాస్తావమ్మా మొహానికి?" అని ఆడవాళ్లు అడిగితే, "ఏమీ లేదండి, దేవుడి దయ" అని ముసిముసిగా నవ్వేది. ఆ దయ చాలదన్నట్టు తను కూడా ఓ పదమూడేళ్లు కోసేసిందన్న సంగతి తోటి నర్సు జెన్నిఫర్‌కొక్కదానికే తెలుసు. జెన్నిఫర్‌కి నిజంగానే ముప్పై అయిదు. కాకినాడ నర్సింగు స్కూల్లో ఆ పిల్లకి సూది పట్టుకోవడం నేర్పిందే దయారాణి. అక్క పరువు కోసం పాపం ఆ పిల్ల నోరు కుట్టేసుకుంది.

2007 వేసవిలో ఏజెన్సీవాళ్లు ఈ ఇద్దరినీ ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక కొరియా కంపెనీ సైటు క్లినిక్‌కి పంపారు. పాస్‌పోర్టులు మాత్రం ఏజెన్సీ దగ్గరే ఉండిపోయాయి. ఇద్దరిలో ఇన్‌చార్జి ఎవరో సైటు మేనేజరే తేల్చాలి. దయారాణికి ఆ కుర్చీ మీద చెప్పలేనంత ఆశ. ఇరవై అయిదేళ్లుగా డాక్టర్ల వెనకాల ట్రే పట్టుకుని నిలబడిన మనిషి. తన మాట చెల్లే చోట ఒక్కసారైనా కూర్చోవాలని ఆవిడ కోరిక.

మేనేజరు చో గారు మర్యాదస్థుడు. వంగి నమస్కారం పెట్టి, కూర్చోబెట్టి, మొట్టమొదట అడిగింది, "మీ వయసెంత?" అని.

దయారాణికి ఒళ్లు మండింది. ఆడదాన్ని పట్టుకుని మొహం మీదే వయసు అడుగుతాడా? అలవాటు పడ్డ నోరు ఊరుకోదు కదా, "ముప్పై మూడు" అనేసింది. జెన్నిఫర్ ఉన్నమాటే చెప్పింది.

"అయితే జెన్నిఫర్ గారు పెద్ద. ఇన్‌చార్జి ఆవిడే" అన్నాడు చో గారు.

బయటికొచ్చాక టైంకీపర్ హబీబుల్లా అసలు సంగతి విప్పి చెప్పాడు. నల్గొండ మనిషి, ఆరేళ్లుగా కొరియావాళ్ల దగ్గరే పని. "వీళ్లకు ఎదుటోళ్ల ఉమర్ ఎంతో తెల్వకుంటే మాటనే రాదు సిస్టర్. పెద్దోళ్లతోని ఒక తీరు, చిన్నోళ్లతోని ఒక తీరు. ఈడ చిన్నగ కనబడితే నీకే నుక్సాన్."

నుక్సాన్ అంటే ఏమిటో మధ్యాహ్నం మెస్సులోనే తెలిసింది. పెద్దవాళ్లు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు ఎత్తకూడదట. జెన్నిఫర్‌కేమో అక్క కంటే ముందు తినాలంటే చెయ్యి రాదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూంటే సూపు కాస్తా చల్లారిపోయింది.

"నిజం చెప్పేద్దామా అక్కా?"

"చెప్పి? శుక్రవారం సెలవునాడు చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నోర్మూసుకుని తినవే, ఇన్‌చార్జివి."

ఇలా మూడు వారాలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం రాడ్లు కట్టే పోచన్నను నలుగురు మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, చుక్క చెమట లేదు, మాట ముద్దగా వస్తోంది. దయారాణి అతని చంకల్లో ఐసు పెడుతూనే, "ఎండదెబ్బ సార్. ఆస్పత్రికి పంపాలి, ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అంది.

చో గారు ఆవిడ వైపు చూడనేలేదు. జెన్నిఫర్ వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరేమంటారు?"

అంత నిర్ణయం తన మీద పడేసరికి జెన్నిఫర్ బెదిరిపోయింది. "ఒక అరగంట చూద్దామేమో సార్" అంది.

చో గారు సరేనని తలూపాడు. అరగంటలో మనిషి దక్కడని దయారాణికి తెలుసు. గుమ్మం దగ్గర చూస్తే క్యాంపులో సగం మంది మూగారు. అందులో చర్చికొచ్చేవాళ్లు అయిదుగురు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినా గొంతు మాత్రం పైకే లేచింది.

"సార్, నాకు నలభై ఆరు. ముప్పై మూడు అబద్ధం. ఇంజనీరింగు చదివే కొడుకున్నాడు నాకు. ఈ పిల్లకి పని నేర్పింది నేనే. ముందు ఫోన్ చెయ్యండి."

"నిజమే సార్" అంటూ జెన్నిఫర్ ఏడ్చేసింది. చో గారు వెంటనే ఫోనందుకున్నాడు.

నాలుగోరోజున పోచన్న లేచి తిరిగొచ్చాడు. "ఇన్నొద్దులు చెల్లె చెల్లె అని పిలిస్తి. నాకన్న పెద్దదానివంట గదా, మాఫ్ చెయ్యి అక్కా" అన్నాడు. దయారాణి తలదించుకునే నవ్వింది. చెప్పేశాక ఒళ్లు ఇంత తేలికవుతుందని ఆవిడ అనుకోలేదు.

అప్పుడే చో గారు కొత్త కాగితం తెచ్చి క్లినిక్ గోడకి స్వయంగా అంటించి, నడుం వంచి దణ్ణం పెట్టి వెళ్లాడు. దయారాణి, ఇన్‌చార్జి, వయసు 47.

"ఇదేం చోద్యం హబీబ్ భాయ్? నలభై ఆరని చెబితే ఒకటి కలిపేశాడేంటి? వెళ్లి కొట్టేయమని చెప్పండి" అంది పక్కనే ఉన్న హబీబుల్లాతో.

"వాళ్ల లెక్క గట్లనే సిస్టర్. అమ్మ కడుపుల ఉన్నది గూడ ఒక ఏడాది కింద కడ్తరు. పుట్టంగనే ఒకటి."

దయారాణి ఆ అంకె మీద వేలు ఆనించింది.

"అంటే అది మా అమ్మ మోసిన ఏడాదన్నమాట" అంది మెల్లగా. "దాన్ని కొయ్యడానికి నేనెవర్ని? ఉండనివ్వండి."