గోడ మీద నవ్వని ఆడవాళ్ళు

నీళ్ళ ట్యాంకరు హారను వినబడిందంటే మధులత చేతిలో ఏ పని ఉన్నా పడేసి పరుగెత్తాలి. పెనం మీద దోసె ఉన్నా సరే, తలకు పోసుకుంటూ ఉన్నా సరే. ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని వీధి చివర పాత గోడ దగ్గర లైన్లో నిలబడాలి. నిండిన బిందె నడుముకెత్తుకుని మేడమెట్లు ఎక్కాలి. పైన వరండాలో ఆమె భర్త మాధవ్ ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో గ్లాసు పెట్టాలి.

ఉదయగిరికి కాపురానికి వచ్చిన కొత్తలో నడుము పట్టేసి ఒకరోజు కూలబడితే, అత్త రాఘవమ్మ, "సోమశిల డ్యాం పక్కన పుట్టినదానివి, నీళ్ళు మోసే అలవాటు నీకెట్టుంటాదిలే" అంది. అది జాలో ఎత్తిపొడుపో మధులతకు ఇప్పటికీ తేలలేదు. పెళ్ళికి ముందు ఆమె ఆత్మకూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు దాన్ని ఉద్యోగం అనలేదు. "బొమ్మలు బాగా గీస్తాది" అన్నారు, వడియాలు బాగా పెడుతుందన్నట్టు.

ఈ వేసవిలో ఊళ్ళో తాగునీటి వారోత్సవాలు పెట్టారు. గోడల మీద బొమ్మలు వేయించి జనానికి అవగాహన కలిగించాలని పైనుంచి ఆర్డరట. ఆ పని చూసే సిద్ధయ్య సారు, రంగుల కోసం మాధవ్ పెయింట్ల షాపుకు వచ్చాడు. మాధవ్ రంగులు ఊరికే ఇస్తానన్నాడు. దాంతోపాటు భార్యనూ ఇచ్చేశాడు.

"నువ్వు గీస్తావని చెప్పినాను. కింద మన షాపు పేరేస్తారు" అన్నాడు ఇంటికొచ్చి.

"నన్ను అడగలేదే?"

"అడిగేదేంది? నీకిష్టమే కదా!"

ఇష్టమే. అదే ఆమెకు మండింది. చాన్నాళ్ళ తర్వాత చేతికి కుంచె వస్తోందంటే లోపల ఎక్కడో ఒక సంతోషం కదిలింది. ఆ సంతోషాన్ని కూడా ఆయనే తెచ్చి ఇచ్చినట్టయింది.

గోడ ట్యాంకరు ఆగే చోటే. సిద్ధయ్య సారు బొమ్మ ఎలా ఉండాలో చెప్పాడు. "ఒక ఆడమనిషి, నడుమ్మీద బిందె. నీళ్ళు నీలంగా ఉండాల మేడం. ఆమె నవ్వుతా ఉండాల. వారోత్సవాలకు పెద్దసారు వస్తాడు, ఆయన చూసేటప్పటికి కళగా ఉండాల." మధులత అలాగే వేసింది. పొద్దున వంట ముగించి, అత్తకు మాత్రలిచ్చి, ఎండలో స్టూలెక్కి నిలబడేది. టీ బంకు ముందు మగవాళ్ళు ముక్కు పెద్దదైందనీ చీర రంగు బాగాలేదనీ సలహాలిచ్చేవాళ్ళు. గోడ పనిలో ఉండి రెండుసార్లు లైను తప్పిపోతే ఇంట్లో డ్రమ్ము అడుగంటింది.

"ఊరికంతా నీళ్ళ గురించి చెప్పబోయింది, ఇంట్లో గొంతు తడుపుకోను లేదు" అంది రాఘవమ్మ.

"గోడ పనీ ఇంటి పనీ రెండూ చూసుకోవాల మధూ. నేనేమైనా వద్దన్నానా?" అన్నాడు మాధవ్.

వద్దనలేదు. ఆ రాత్రి ఆమె అన్నం సయించక లేచింది. ఈయన ఏదీ వద్దనడు. ఉద్యోగం వద్దనలేదు, ఆత్మకూరు దూరమన్నాడంతే. పుట్టింటికి వెళ్ళొద్దనలేదు, అమ్మకు మాత్రలెవరిస్తారన్నాడంతే. వద్దని ఉంటే పోట్లాడేది కదా! పోట్లాడటానికి ఒక గోడైనా ఉండేది.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. లైన్లో ఆడవాళ్ళు పూర్తయిన బొమ్మను అప్పుడే చూశారు. చెరువు కింద పల్లె నుంచి కూలికొచ్చే రోశమ్మ బిందె దించి, "ఇది ఎవురింటి కోడలమ్మా, నీళ్ళకాడ ఇంత నవ్వుతా ఉండాది?" అంది. లైనంతా పకపకా నవ్వింది. మధులత మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. నేనూ ఈ లైన్లోదాన్నే కదా, ఎవరి కళ్ళతో గీశాను ఈ బొమ్మని?

ఆ మధ్యాహ్నమే ఆమె ఆ నవ్వు మీద రంగు పూసేసింది. ఒక్క మనిషి స్థానంలో లైను వేసింది. ఒక భుజం కిందికి జారినవాళ్ళు, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు, ఎండకు కొంగు కప్పుకున్నవాళ్ళు. ఎవరూ నవ్వడం లేదు. పైన ఒక వరండా, కుర్చీలో ఒక మగమనిషి. మొహం కనబడదు, చాచిన చెయ్యి మాత్రం కనబడుతుంది.

పెద్దసారు వచ్చే రోజు పొద్దున్నే సిద్ధయ్య సారు గోడ చూసి షాపుకు పరుగెత్తాడు. మాధవ్ సున్నం పొడి, బకెట్టు, బ్రష్షు తీసుకుని వచ్చాడు. అప్పటికే ట్యాంకరు వచ్చి ఆగి ఉంది. మధులత లైన్లో ఉంది.

"ఏంది మధూ ఇది? నీళ్ళ మీద గీయమంటే మొగోళ్ళ మీద గీసినావా? ఆ చెయ్యి నాదే కదా!"

"మీదని నేను చెప్పలేదే" అంది మధులత.

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. "మా ఆయన చెయ్యీ అట్టనే ఉంటాదిలే అబ్బాయా" అంది రోశమ్మ.

"సర్లే. పెద్దసారు వచ్చేలోగా సున్నం కొట్టెయ్."

"నేను కొట్టను. మీరే కొట్టండి."

మాధవ్ ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత విసురుగా పొడి బకెట్లో పోశాడు. కలపడానికి నీళ్ళు కావాలి. షాపులో చుక్క లేదు, ఇంట్లో డ్రమ్ము ఎండి ఉంది. అలవాటు కొద్దీ భార్య వైపు చెయ్యి చాపి, "ఒక బిందె ఇట్టియ్" అన్నాడు.

మధులత అప్పుడే నిండిన తన బిందె నడుముకెత్తుకుంది. "తాగే నీళ్ళు ఇవి. లైనుండాది, నిలబడండి."

అతను లైన్లో ఇంకొకామె బిందె మీద చెయ్యి వేయబోయాడు. ఆమె బిందె అవతలి చంకకు మార్చుకుంది. మాధవ్ వెళ్ళి లైను చివర నిలబడ్డాడు. టీ బంకు ముందు మగవాళ్ళు ఈసారి ఏ సలహా ఇవ్వలేదు. ఎండ చురుక్కుమంటోంది. బకెట్టు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ, చెమట తుడుచుకుంటూ, ఒక్కో అడుగూ ముందుకు జరిగాడు. అతని వంతు వచ్చేసరికి పైపు బుసబుసమని గాలి వదిలింది. ట్యాంకరు అయిపోయింది.

అతను ఖాళీ పైపునూ గోడనూ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. దూరం నుంచి పెద్దసారు కారు హారను వినిపిస్తోంది.

మధులత బిందెతో ఇంటివైపు రెండడుగులు వేసి ఆగింది.

"మళ్ళీ ఎల్లుండి వస్తాది ట్యాంకరు. పెందలాడే వచ్చి నిలబడండి" అంది. "ఇకమీదట నీళ్ళకు నేను రాను."