కాలవ కట్టిన రెండు నెలలు

నేను ఒక పడవను. టేకు చెక్కలతో నన్ను కట్టించుకున్నవాడు ఓలేటి బంగారయ్య. లాకులపేట మిల్లు బియ్యాన్ని కాకినాడ రేవుకి చేర్చడమే మా ఇద్దరి బతుకు. అసలు ఆ ఊరే కాలవ వల్ల పుట్టింది. లాకు తలుపులు తెరిచేదాకా పడవలు ఆగే చోట మొదట పూటకూళ్ల ఇల్లు, తర్వాత తాళ్ల కొట్టు, ఆఖరికి మిల్లు వెలిశాయి.

ఒక శీతాకాలం నా మీద బియ్యానికి బదులు ఇనప పట్టాలు ఎక్కాయి. ఊరికి రైలు వేస్తున్నారట.

ఒడ్డున నడుస్తూ తాడుతో నన్ను లాగే సూరన్న, "బావా, రైలొస్తే మన బేరం పోదంటావా?" అన్నాడు.

"ఎర్రోడా! రైలొచ్చి మిల్లు ముందు బస్తా ఎత్తుకుద్దా? ఊరికి ఆ పక్కనెక్కడో ఆగుద్ది. అక్కడిదాకా మోసేది మనవే!" అని బంగారయ్య హుషారుగా గెడ వేశాడు. మనుషులకి నమ్మకం ఎక్కువ. నాకు బరువు ఒక్కటే తెలుసు.

ఏటా వేసవిలో మరమ్మతులకని రెండు నెలలు నీళ్లు ఆపి కాలవ కట్టేస్తారు. నేను బురదలో కూర్చుంటే బంగారయ్య నా సందుల్లో నార కూరి తారు పూస్తాడు. మిల్లులో బియ్యం గుట్టపడి మా కోసం కాచుకుంటుంది. నీళ్లు వదిలిన రోజు తొలి పడవకే తొలి బస్తాలు. అది రేవు కట్టుబాటు.

ఆ ఏడు తొలి పడవను నేనే. ముక్కుకి పసుపు రాయించుకుని, కొత్త నీటితో పాటే మిల్లు దగ్గరికి చేరాను.

బంగారయ్య చేతిలో గెడ ఆగిపోయింది. బస్తాలు దించే గుమ్మం లేదు! ఆ చోట కొత్త ఇటుకల గోడ ఉంది.

మిల్లు గుమాస్తా పేరయ్య గారు పై కిటికీలోంచి తొంగిచూశారు. "ఇంకెక్కడి బియ్యం బంగారయ్యా? ఎండాకాలమంతా రైల్లో వెళ్లిపోయింది. కామందు గారు గుమ్మం అటేపు, రైలు వైపుకి పెట్టించేశారు."

"అదేంటండీ! కాలవ ఇవాళేగా వదిలారు?"

"రైలుకి కాలవెందుకయ్యా!"

నాకు నోరుంటే అరిచేదాన్ని. కాలవ ఎండితే ఊరి వ్యాపారమూ మాతో పాటే పడుకుంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాం. ఆ రెండు నెలల్లోనే అంతా అయిపోయింది. బంగారయ్య మెట్లెక్కి, నన్ను ఒడ్డు నుంచి తోసినట్టే, ఆ గోడని రెండు చేతులతో తోసి చూశాడు. కదల్లేదు. మళ్లీ తోశాడు.

ఇప్పుడు నేను అక్కడే సగం మునిగి ఉన్నాను. బంగారయ్య స్టేషన్లో అదే మిల్లు బస్తాలు వీపున మోసి రైలు పెట్టెల్లోకి ఎక్కిస్తున్నాడు. సాయంత్రాలు వంగిన నడుముతో గట్టు మీద పోతాడు, నా వంక చూడడు. ఆ బరువు నేను మోయాల్సింది.