రబ్బరు షీటు

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరే ప్రొఫెసర్లకు ఇల్లు చూడడం, గ్యాసు పెట్టించడం, పిల్లలను బళ్ళో చేర్చడం ఆవిడ ఉద్యోగం. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ సర్దుబాటమ్మే. ఆ పిలుపంటే ఆవిడకు లోలోపల మహా గర్వం. పరాయి ఊళ్ళో దిగినవాళ్ళకు తను లేకపోతే మంచినీళ్ళు కూడా పుట్టవని నమ్మకం. అందులో కొంత నిజమూ ఉంది.

ఆవిడ బలమంతా ఫోనులోని క్వార్టర్స్ గ్రూపు. పాతకాపులందరూ అందులోనే ఉంటారు. కొత్త కుటుంబానికి ఏం కావాలో ఆవిడ రాస్తుంది. ఎవరింట్లో మూలపడి ఉన్నది వాళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళతారు. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్నది ఆవిడ తారకమంత్రం. మంచమైనా, కుక్కరైనా, పిల్లల సైకిలైనా ఇట్టే దొరికేవి.

ఆ వారం దిగినవాళ్ళు కెమిస్ట్రీ మేడమ్, ఆమె భర్త, తొమ్మిదేళ్ళ కూతురు. సామాన్ల లారీ ఇంకా రాలేదు. సర్దుబాటమ్మ వంటింట్లో కుళాయి తిప్పి చూపిస్తుంటే, మేడమ్ వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, ఒక్క మాట. ఊరు మారిన దగ్గర్నుంచీ పాప రాత్రిళ్ళు పక్క తడుపుతోంది. రబ్బరు షీటు ఎక్కడ దొరుకుతుందో చెప్తారా? తన ముందు అనకండి. సోమవారం నుంచి కొత్త బడి, అసలే బెదిరిపోయి ఉంది. కడుపులో పెట్టుకోండి."

"నాకు చెప్పారుగా, ఇంక మర్చిపోండి," అంది సర్దుబాటమ్మ.

తీరా ముందు మర్చిపోయింది తనే. మెట్లు దిగుతూనే బొటనవేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. 'కొత్త కెమిస్ట్రీ మేడమ్ వాళ్ళ పాప పక్క తడుపుతోంది, పాపం. అర్జెంటుగా రబ్బరు షీటు కావాలి. మూడో అంతస్తు, ఎడమ పక్క ఇల్లు.' చివర దణ్ణం బొమ్మ కూడా పెట్టింది మహాతల్లి.

మర్నాడు కర్టెన్ కడ్డీ పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. గుమ్మం పక్కన రబ్బరు షీట్లు కుప్పగా ఉన్నాయి. ఒకటి కవరు కూడా విప్పనిది, ఒకటి బాతుబొమ్మలది. 'మా గ్రూపా మజాకానా!' అని మురిసిపోతూ బెల్లు కొట్టింది.

భర్త తలుపు తీసి, పలకరించకుండా పక్కకు తప్పుకున్నాడు. వెనకే మేడమ్ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నలుగురు తెచ్చిచ్చారక్కా. అందరూ మంచివాళ్ళే," అంది.

అప్పటికి గానీ సర్దుబాటమ్మకు తను చేసిన ఘనకార్యం తలకెక్కలేదు. "గ్రూపులో... అలవాటు కొద్దీ..." అని నసిగింది. తల కొట్టేసినట్లయింది. తిట్టినా బాగుండేది. ఫలానా సారుకు నడుం పట్టేసింది, గట్టి పరుపు కావాలి. ఫలానా వాళ్ళ అత్తగారికి చెవుడు, పెద్ద మోత చేసే బెల్లు కావాలి. ఇన్నేళ్ళుగా రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

లోపలి గదిలోంచి పాప వచ్చింది.

"ఆంటీ, లెక్కల సార్ వాళ్ళమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. షీటు తనే పట్టుకొచ్చింది. మాది ఒకే క్లాసట."

"అవును నాన్నా..."

"అయితే క్లాసులో అందరికీ తెలిసిపోయిందా?"

'ఛ, ఎవరికీ తెలీదమ్మా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని అలా ఊరడించలేదు! ఆ పసిదాని మొహం చూస్తూ ఈసారి మింగేసింది.

"తెలిసే ఉంటుందమ్మా. నేనే చెప్పాను. తప్పు నాదే."

 పాప మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు.

"ఇల్లూ బడీ అన్నీ మీరే చూసిపెడతారని అమ్మ చెప్పింది. నాకు ఇంకో బడి చూసిపెట్టరా? మీకు తెలిసినవాళ్ళు ఎవరూ లేని బడి."

ఊళ్ళో బళ్ళన్నీ సర్దుబాటమ్మకు కంఠతా వచ్చు. ఒక్కొక్కదాన్నే తలుచుకుంటూ పోయింది. ప్రతిదాంట్లోనూ గ్రూపులోని వాళ్ళ పిల్లలే. వాళ్ళను చేర్పించింది తనే.