మా కుక్క కాదు

రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని, నా చేత ఎవరికీ చెడు చేయించకు స్వామీ అని అడిగి పనికి బయల్దేరుతాను. పురపాలక కార్యాలయంలో కుక్కల విభాగం నాది. పదకొండేళ్లుగా ఇదే పని.

ఆ రోజు ఫిర్యాదు, కరెంటు మీటరు చూడ్డానికి వెళ్లినవాడిది. కుట్టుపని చేసుకునే ఒకావిడ కుక్క అతని పిక్క పట్టుకుంది. వ్యాను డ్రైవరూ నేనూ వెళ్లేసరికి అది మిషను కింద నక్కి, తొక్కుడు పలక మీద గడ్డం ఆనించి మమ్మల్నే చూస్తోంది. మొండి తోక, బొచ్చు ఊడిన చెవులు. ఆవిడ దాన్ని దొరగారూ అని పిలిచింది.

"ఈయన ఏ ఊరికి దొరమ్మా?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ నవ్వకుండా నా వైపు తిరిగింది. "కేసవుతుందా తమ్ముడూ?"

"యజమాని ఉంటే అవుతుందక్కా. కోర్టుకి నాలుగైదుసార్లు తిరగాలి."

"కొట్టు మూసుకుని ఎక్కడ తిరగను? ఒక్కదాన్ని."

అప్పుడు నేను పెద్దమనిషిలా సలహా ఇచ్చాను. "మా కుక్క కాదు అనెయ్యండి. వీధికుక్క అని రాసుకుంటాను. పదిరోజులు బోనులో ఉంచి చూస్తాం. పిచ్చి లేదని తేలితే పట్టుకున్నచోటే వదలడం మా పద్ధతి. అంటే మీ గుమ్మంలోనే. కేసూ ఉండదు, దొరగారూ తిరిగొస్తారు."

ఇలా ఇంతకుముందు ముగ్గురికి చెప్పాను. ముగ్గురి కుక్కలూ ఇల్లు చేరాయి. ఆవిడ సంతకం పెట్టింది. దారిలో డ్రైవరు, "సార్, పుణ్యమంతా మీరే మూటగట్టుకుంటారా, మాకూ కాస్త వదలండి" అన్నాడు. నాకు లోపల సంతోషంగానే ఉంది.

ఆరోరోజు కొత్త ఉత్తర్వు వచ్చింది. యజమాని లేని కుక్క మనిషిని కరిస్తే ఇక వీధిలోకి వదలకూడదు, పెంచుకుంటామన్నవాళ్లకీ ఇవ్వకూడదు. పదోరోజు సూది వేసి చంపాలి. ఇప్పటికే బోనుల్లో ఉన్నవాటికీ ఇదే వర్తిస్తుంది. యజమాని ఉన్న కుక్కనైతే మూతికి చిక్కం కట్టి ఇంటికి పంపవచ్చు.

ఆ కాగితం పట్టుకుని పైఅధికారి దగ్గరికి పరుగెత్తాను.

"నాది కాదని ఆవిడే సంతకం పెట్టిందిగా."

"ఆ మాట నేనే చెప్పించాను సార్."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "అది కాగితం మీద పెట్టగలరా?"

అక్కడే కూర్చుని రాసిచ్చాను. చదివి నిట్టూర్చాడు. "వీధికుక్క అని రాసిన నివేదిక మార్చాలంటే పర్యవేక్షక సంఘం ముందు పెట్టాలి. సంఘం కూర్చునేది వచ్చే నెల. పదోరోజు ఈ శుక్రవారం. మీ మీద విచారణ మాత్రం తప్పకుండా వస్తుంది. దానికి సంఘం అక్కర్లేదు."

పశువుల డాక్టరమ్మని అడిగాను, కొన్నాళ్లు ఆపగలరా అని. "పిచ్చి ఉందని రాస్తే ఇంకా ముందే వేయాలి. లేదని రాస్తే శుక్రవారం వేయాలి. ఏది రాయమంటారు?" అంది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

గురువారం మధ్యాహ్నం కుట్టుపనావిడ వచ్చింది. చేతిలో మడతపెట్టిన పాత దుప్పటి. యజమాని కాదు కాబట్టి బోను దగ్గరికి వెళ్లనివ్వకూడదు. బోనుల గది తాళం నా దగ్గరే ఉంది, తీశాను. కుక్క ఊచల మీద పడి ఏడుస్తున్నట్టు అరిచింది. ఆవిడ వేళ్లు లోపలికి పెట్టి దాని మూతి నిమిరింది.

"రేపు ఎన్నింటికి తెస్తారు? కొట్టు తెరిచే ఉంచుతాను."

కొత్త ఉత్తర్వు సంగతి చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు నాదని రాసిస్తే?"

"నేనూ రాసిచ్చానక్కా. రేపు పొద్దుటిలోగా ఆ కాగితాలు ఎవరూ చూడరు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మీరు మంచికే చెప్పారు" అంది. మంచికే చెప్పాను, నిజమే. మంచిని నా చేత ఇలా ఎందుకు చేయించాడో దేవుణ్ణి అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను. నా తొందరపాటుని ఆయన మీదికి నెడుతున్నానేమో, అదీ తెలియదు.

"రేపు సూది వేసేటప్పుడు దాన్ని ఎవరు పట్టుకుంటారు?"

"నేనే."

"ఎడమ వెనక కాలు ముట్టుకోకండి తమ్ముడూ. పాత దెబ్బ, నొప్పెడుతుంది దానికి. మెడ కింద చెయ్యి వేస్తే ఊరుకుంటుంది."

చెయ్యి ఎలా వేయాలో ఊచల్లోంచి చూపించింది. నేను వంగి నేర్చుకున్నాను.