క్రీము మీద తడిగుడ్డ

మా బేకరీ ఓనరు పల్లంరాజుగారు షాపుకొచ్చి దేవుడి పటానికి అగరొత్తి వెలిగించేలోగా అవ్వాల్సిన పనులు ఇవి. ఐసింగ్ షుగర్ జల్లించాలి. ఉండ ఒక్కటి మిగిలినా క్రీము పిండే నాజిల్‌లో అడ్డం పడుతుంది. కరెంటు పోకముందే మిషను గిన్నె కింద ఐసుముక్కలు పెట్టి క్రీముకి డాల్డా గిలక్కొట్టాలి. బటర్ పేపరు కోసి కోన్లు చుట్టాలి. కేకు మీద పొంగిన బొడుపు కోసేసి, రాలిన పొడి బ్రష్‌తో దులపాలి. గుడ్డు తగిలిన సామానంతా వేరే అరలోకి మార్చాలి, ఎందుకంటే ఆ రోజు ఆర్డరు భాస్కరంగారింటిది, వాళ్ళు గుడ్డు ముట్టరు. దువ్వెనలు కడిగి తుడవాలి. ఆఖరిది నాకు ఎవరూ చెప్పని పని: నాతో పనిచేసే హారతి వచ్చేలోగా బల్లకి వెలుతురుండే కిటికీ వైపు నేను కూర్చోవాలి.

ఆ ఒక్కటే కాలేదు. దువ్వెనలు కడిగి తెచ్చేసరికి హారతి కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, తన పెట్టె తెరిచి, నాజిళ్ళు వరసగా పరుచుకుంటోంది.

"రండి సత్యగారూ, మీకోసమే చూస్తున్నా" అంది, నేనేదో వాళ్ళింటికి పేరంటానికి వచ్చినట్టు.

కేకులకి ఐసింగ్ వేసే ఆ బల్ల నాకు ఊరికే రాలేదు. మాది ఆత్రేయపురం. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేనే, బీకాం పాసయ్యాను. రాజమండ్రిలో ఈ బేకరీ కౌంటర్లో పనికి చేరాను. అప్పట్లో ఐసింగ్ వేసే వీరబ్రహ్మం మాస్టారు ఒకరోజు జనం ఎక్కువై నన్ను లోపలికి పిలిచి దువ్వెన చేతికిచ్చారు. దువ్వెనంటే తల దువ్వుకునేది కాదు, అంచుకి పళ్ళు కోసిన రేకుముక్క. క్రీము పూసిన కేకుని తిప్పుతూ దాన్ని ఆనించి పడితే చుట్టూ గీతలు పడతాయి. నా గీతలు చూసి ఆయన ఇంక నన్ను కౌంటర్లోకి పోనివ్వలేదు. తర్వాత ఆయన కాకినాడలో సొంత షాపు పెట్టుకుని వెళ్ళిపోతూ బల్ల నాకు అప్పజెప్పారు. మా నాన్న ఊళ్ళో నా బీకాం సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు, అదేంటో ఆయనకీ తెలీదు. "మా అమ్మాయి కేకుల మీద డిజైన్లు వేస్తుందండి" అని మాత్రం టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పేవాడు.

పుష్కరాలు వచ్చిన ఏడాది, ఉగాది ముందు, హారతి వచ్చింది. రాజమండ్రిలోనే దానవాయిపేట అమ్మాయి. బీయస్సీ చదివి, హైదరాబాద్‌లో కేకుల కోర్సు చేసింది. ఆ ప్లాస్టిక్ పెట్టెలో ఏం లేవని. నక్షత్రం నాజిలు, ఆకు నాజిలు, గడ్డి వచ్చే నాజిలు, బుట్టల్లిక వచ్చే నాజిలు, రకరకాల పళ్ళ దువ్వెనలు. నావేమో కొత్త హాక్సా బ్లేడు ముక్క ఒకటి, ఎక్స్‌రే ఫిల్ము కోసి చేసుకున్నది ఒకటి.

పెట్టె చూసి కుళ్ళుకున్నాననుకునేరు. పెట్టెదేముంది, కొనుక్కోవచ్చు. దువ్వెన ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఎత్తేస్తామో అక్కడ ఒక అతుకు పడుతుంది. నాకు పడేది, వీరబ్రహ్మం మాస్టారికీ పడేది, ఆ వైపు వెనక్కి తిప్పి పెట్టేవాళ్ళం. హారతి కేకుకి అతుకు ఉండేది కాదు. నేను ఎన్నిసార్లు తిప్పి చూశానో. ఆవిడ అలా బయటికి వెళ్ళగానే కేకు కింద తిరిగే పీట తిప్పడం, అతుకు వెతకడం. కేకు చుట్టూ ముందూ వెనకా లేకుండా ఒక్కలాగే ఉండేది. చెంచా వెనకతో క్రీముని తట్టి ఎత్తితే అలలు లేచేవి. నలిపిన పాలిథిన్ కవరు అద్దితే రాయిలా కనిపించేది. చేస్తున్నంతసేపూ ఏవో కబుర్లు చెబుతూనే ఉండేది. నేను ఊపిరి బిగబట్టి చేసే పనిని మనిషి నవ్వుతూ చేస్తుంటే పక్కన కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆవిడ నాకంటే చిన్నది. అయినా గారూ అండీ అనే మాట్లాడేదాన్ని. మర్యాద కోసం కాదు, దగ్గరికి రానివ్వకుండా.

మే నెలలో పల్లంరాజుగారు కబురు చల్లగా చెప్పారు. పుష్కరాల జనం కోసం షాపు ముందుభాగం పెంచుతున్నారట, లోపల గది సగమైపోతుందట. ఇంక బల్ల దగ్గర ఒక్కరే, రెండోవాళ్ళు కౌంటర్లోకి. ఎవరన్నది భాస్కరంగారి ఆర్డరు అయ్యాక చెబుతానన్నారు. భాస్కరంగారు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు. మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆయన భార్య సీతారామలక్ష్మిగారు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళారు, గులాబీలు మాత్రం పెట్టొద్దని, చూసి చూసి విసుగొచ్చిందని. పాపకి పరికిణీ కుట్టించారట. కేకు కూడా పరికిణీ కట్టుకున్నట్టు ఉండాలన్నారు.

రెండంతస్తుల కేకు. పెద్దదాన్ని కాబట్టి కింది అంతస్తు నాకిచ్చారు. పైది హారతికి.

ఆ రోజు నేను నిలువు గీతలతో కుచ్చిళ్ళు వేద్దామనుకున్నాను. వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో క్రీము నున్నగా పూశాను. దువ్వెన అందుకునేలోపు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కిటికీలోంచి వడగాలి నేరుగా నా కేకుకే కొడుతోంది. తలుపు మూస్తే వెలుతురు లేదు. చూస్తుండగానే క్రీము మీద పైపొర గట్టిపడి, సన్నసన్న పగుళ్ళు లేచాయి. అలా గట్టిపడితే దువ్వెన దిగదు, పెచ్చులూడి వస్తుంది.

అప్పుడు నా చేతులు ఒక పని చేశాయి. క్రీము గిన్నె మీద కప్పే పల్చటి మల్లుగుడ్డ తీసి, నీళ్ళలో తడిపి, పిండి, కేకు చుట్టూ కప్పేశాయి.

పూతరేకులు చేసే ఇంట్లో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ పని చెయ్యరు. రేకు గాలికి పెళుసెక్కితే అమ్మ తడిగుడ్డ వేస్తుంది. తడి తగిలి రేకు మెత్తబడి మడతకి వస్తుంది. నాకు నడక రాకముందు నుంచీ చూస్తున్న పని. బియ్యప్పిండి రేకుకి మేలుచేసే తడి పంచదార క్రీముకి చెయ్యదని నా బుర్రకి తెలుసు. చేతులకి తెలీదు.

గుడ్డ కొస పట్టుకుని లాగాను. క్రీము గుడ్డతోపాటు వచ్చేస్తోంది. పంచదార కరిగి పట్టేసింది. వదిలేసి అలాగే నిలబడ్డాను. బల్ల పోయిందనుకున్నాను. అంతకంటే, పోవడం హారతి కళ్ళ ముందు పోయిందనుకున్నాను.

ఆవిడ స్టూలు మీంచి లేచి వచ్చింది. పల్లంరాజుగారిని పిలుస్తుందనుకున్నాను.

"లాగకండి. ఆరనివ్వండి" అంది.

కేకుని కిటికీకి ఇంకా దగ్గరగా జరిపింది. ఇందాక పగుళ్ళు తెచ్చిన గాలే గుడ్డని ఆరబెట్టింది. అప్పుడు కొస పట్టుకుని, పైకి లాగకుండా, గుడ్డని గుడ్డ మీదకే మడుస్తూ, కింద కత్తి వెనక ఆనిస్తూ, నెమ్మదిగా ఒలిచింది. క్రీము రాలేదు. క్రీము మీద గుడ్డ నేత దారం దారంగా అచ్చుపడి ఉంది. గుడ్డ ముడతపడ్డ చోట క్రీము కూడా ముడతపడి, అచ్చం కుచ్చిళ్ళలా కిందకి జారింది. కేకు నిజంగా పరికిణీ కట్టుకుంది.

సగం తీసి ఆగింది. "మిగతాది మీరు తియ్యండి. గుడ్డ మీది కదా" అంది.

తీశాను. ఆవిడ ఎలా మడిచిందో అలాగే మడిచాను. కత్తి అలాగే ఆనించాను. రెండుచోట్ల పెచ్చులు ఊడొచ్చాయి, ఒక కుచ్చి విరిగింది. ఆవిడ గుంటల్లో ఇంత క్రీము నింపి, గుడ్డ ముక్కతో అద్ది, తన చోటికి వెళ్ళిపోయింది. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. నేను ఆ వైపుని గోడకి తిప్పి పెట్టాను.

సాయంత్రం సీతారామలక్ష్మిగారు వచ్చారు. పల్లంరాజుగారు వెంటబెట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కేకు కింది అంతస్తు మీదకి వంగి చూశారు.

"ఏమ్మా, గుడ్డ చుట్టి ఉంచారా, లేకపోతే ఇదే కేకా?" అన్నారు.

అదే కేకని పల్లంరాజుగారు చెబితే, ఎవరు చేశారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే హారతి అందుకుంది.

"సత్యగారండీ. వాళ్ళది ఆత్రేయపురం. రేకుల మీద తడిగుడ్డ వేస్తారు చూడండి, అలా వేశారు. నాకైతే తోచదండీ."

పల్లంరాజుగారు నావైపు చూసిన చూపులోనే నాకు అర్థమైంది, బల్ల నాదే. నేను ఊరుకుంటే చాలు. హారతి అబద్ధమూ చెప్పలేదు, గుడ్డ వేసింది నేనే.

కానీ ఎంత సులువుగా ఇచ్చేసిందండీ. గుండిగ నిండా పులిహోర ఉన్నవాళ్ళు గుప్పెడు ప్రసాదం పెట్టినట్టు పెట్టింది. నేను ఇన్ని నెలలు నిద్రలో కూడా పట్టుకుని వేలాడిన బల్లని, ఆవిడ ఇటు జరిపినట్టు జరిపేసింది. రేపటినుంచి నేను కూర్చునేది ఆవిడ వదిలిన స్టూలు మీద. ఆ ఆలోచన నాకు కౌంటరు కంటే చేదుగా ఉంది.

"గుడ్డ వేసింది నేనేనండి" అన్నాను. "అది పొరపాటున వేశాను. తీసింది హారతిగారు. నేను తీసింది ఇదిగోండి." అని కేకు కింద పీటని సగానికి తిప్పాను.

విరిగిన కుచ్చి, అతుకులు, అన్నీ వెలుతురులోకి వచ్చాయి. సీతారామలక్ష్మిగారు వంగి చూశారు. ఆ వైపు గోడకి పెట్టుకుంటాంలేమ్మా, దానికేముంది, అన్నారు. మంచి మనిషి.

ఆవిడ కేకు మోయించుకుని వెళ్ళాక పల్లంరాజుగారు నన్ను పక్కకి పిలిచారు. "మంచిపని చేశావమ్మాయ్, నిజం చెప్పావు" అన్నారు. "నిజం చెప్పే మనిషి కౌంటర్లో ఉండాలి."

చేతులు కడుక్కుంటుంటే హారతి పక్కకొచ్చి నిలబడింది. బల్ల మీకే వచ్చేది కదండీ, ఎందుకలా చెప్పారని అడిగింది.

"మీరిస్తే నేను తీసుకోవాలా?"

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "అబ్బో. నా మీద ఇంత ఉందా మీకు?"

"ఉంది" అన్నాను.

ఆవిడ నవ్వింది. అంతే. మనసులో పెట్టుకోలేదు. మర్నాటినుంచి టీ తెప్పించుకుంటే నాకూ ఒక గ్లాసు కౌంటర్లోకి పంపేది. అదీ నాకు మంటే.

పుష్కరాలకి జనం విరగబడి వచ్చారు. గుడ్డ డిజైన్ కావాలని అడిగి మరీ కొన్నారు. నేను అట్టపెట్టెల్లో పెట్టి, రిబ్బను కట్టి ఇచ్చేదాన్ని. ఎవరు చేశారండీ అని అడిగిన ప్రతివాళ్ళకీ హారతిగారు అని చెప్పేదాన్ని. అడగనివాళ్ళకి చెప్పేదాన్ని కాదు. మా నాన్న మాత్రం టీ కొట్టు దగ్గర తన మాట మార్చుకోలేదు. నేనూ దిద్దలేదు.

తర్వాత ఆవిడకి పాలకొల్లు సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. బల్ల అడక్కుండానే మళ్ళీ నాకొచ్చింది. ఇప్పుడు నేను గుడ్డ వేసినా పెచ్చులూడదు. కొన్నవాళ్ళు చాలా బాగుందంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. నేను మాత్రం గుడ్డ తీసిన ప్రతిసారీ కేకుని ఒక చుట్టు తిప్పి చూస్తాను. ఎక్కడో ఒక కుచ్చి, పక్కదానికి చెల్లెల్లా కాకుండా ఎవరో చుట్టంలా ఉంటుంది. అప్పుడు ఆవిడ చెయ్యి కళ్ళ ముందు కనిపిస్తుంది, కబుర్లు చెబుతూ మడుస్తున్న చెయ్యి.

మీరెప్పుడైనా మా షాపులోనో ఇంకెక్కడో, బట్ట కట్టినట్టున్న కేకు కోస్తే, కోసేముందు ఒక్కసారి హారతి అనే ఆవిడని తలుచుకోండి. ఇన్నేళ్ళుగా ఆ పని రోజూ నేనొక్కదాన్నే చేస్తున్నాను. నావల్ల కావడం లేదండి. మీరు కూడా కాస్త తలుచుకోండి.