అత్తమ్మ పేరు మీది కార్డు

రెప్ప కొట్టడానికి కూడా ఈమెను ఇంత బతిమాలాలా, కొట్టవే తల్లీ, ఒక్కసారి కండ్లు మూసి తెరువు, కూరలో ఉప్పు తక్కువైతే ఎన్నిసార్లు కొట్టవు రెప్పలు, ఇప్పుడేమో కొయ్యబొమ్మలా కూర్చున్నావు అని భవాని లోపల పళ్లు నూరుకుంటూనే పైకి మాత్రం అత్తమ్మా, జర ఫోన్ దిక్కు సూడు అంది, ఆపరేషన్ చేసిన కన్ను కదా, చిలుకమ్మ ఇటు చూడమంటే ఇంకెటో చూస్తుంది, సుబేదారిలో ఈ ఆన్‌లైన్ సెంటర్ నడిపే రయీస్ మళ్లీ మొదటినుంచి అంటాడు, ఇప్పుడు పీఎఫ్ అంతా కొత్తగయిందవ్వా, కంపెనీ చుట్టు తిరుగుడు లేదు, నీ మొహమే నీ సంతకం అంటాడు, మొహమే సంతకమట, ఆహా, మరి చేతులు?

చేతులెవరివని అడిగారా ఎవరైనా, పెళ్లయి మరిపెడ నుంచి వచ్చి బట్టల పెట్టె విప్పకముందే తునికాకు కట్ట ముందర పెట్టారు, తనకూ ఒక పీఎఫ్ కార్డు కావాలంటే ఆకిచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారు సుదర్శన్ నవ్వాడు, కొత్త కార్డులు బందయినయి చెల్లే, ఇంట్ల ఒకటున్నది గదా, అత్త పేరు మీద చెయ్యి, అత్తయితేంది కోడలైతేంది, అందరిండ్లల్ల గదే నడుస్తాంది అని, నిజమే, వాడకట్టంతా అదే తంతు, ఎదురింటి మొగిలమ్మ కోడలూ అంతే, పేర్లు అత్తలవి, అరిగిన వేళ్లు కోడళ్లవి, చిలుకమ్మ చేతులు వణికి బీడీల చాట పక్కన పెట్టి ఎన్నేళ్లయిందో, బాలింతగా కూడా పిల్లను ఒళ్లో వేసుకుని చుట్టింది తను, తంబాకు ఘాటుకు పిల్ల తుమ్ముతుంటే ఏడుపొచ్చేది, నెలనెలా కోత తన కూలీలో, జమ ఆమె పేర, ఇప్పుడు పింఛనూ ఆమెకే.

ఇదిగో, టింగుమంది ఫోన్, పట్టేసింది, ముసలామె మురిసిపోయి నన్ను గుర్తువట్టిందా బిడ్డా అంటోంది, పట్టదా మరి, బీడీ ముట్టి ఏండ్లయిన మనిషిని టక్కున పట్టింది, ఇవాళ పొద్దున కూడా ఆకు కత్తిరించి వచ్చిన మనిషి పక్కన నిలబడితే జర జరుగక్కా, నీ మొహం అడ్డమొస్తాంది అన్నాడు రయీస్, జరిగింది, ఇంకా ఎటు జరగాలి, వచ్చిన నాటి నుంచి జరుగుతూనే ఉంది కదా, ఒళ్లు మండిపోతోంది.

పింఛనుకు పెట్టేముందు నామినీ పేరు ఎక్కియ్యాలె, ఎవరవ్వా అని రయీస్ అడిగాడు, రాసుకో, భవాని, నా కోడలు అంది చిలుకమ్మ, భవాని తలెత్తింది, తను విన్నది నిజమేనా, ఆటో నడిపే కొడుకు మల్లికార్జున్ ఉన్నాడు కదా, తన మొగుడి పేరే చెబుతుందనే కదా పొద్దుటి నుంచి రగిలిపోతోంది, రయీస్ ఫోన్లో లిస్టు కిందికీ మీదికీ చూసి కోడలు లేదవ్వా ఇందుల, భర్త, కొడుకు, బిడ్డ ఉన్నరు, ఆఁ, చచ్చిపోయిన కొడుకు పెండ్లాం ఉన్నది అన్నాడు, ఛీ, నోరు పడిపోను, అంటే ఏంటి, అందులో తన పేరెక్కాలంటే మల్లికార్జున్ పాడె ఎక్కాలా, కార్డులు మార్చారు, ఫోన్లు తెచ్చారు, రెప్పలు కూడా లెక్కబెడుతున్నారు, ఏ పుణ్యాత్ముడు కూర్చుని రాశాడో ఆ చచ్చిన కొడుకన్న ముక్క మాత్రం మార్చాలని ఎవరికీ తోచలేదు, చిలుకమ్మ లేచి నిలబడింది, గదేంది బిడ్డా, చేసింది అదేనాయె, పేరే నాది, కష్టమంతా దానిదే అని ఆమె అరిస్తే సెంటరంతా తిరిగి చూసింది, రయీస్ బెదిరిపోయి అవ్వా, మెల్లగ, వేరేటోల్లు చేసిన్రని తెలిస్తే ఉన్నది గూడ ఆపుతరు అన్నాడు.

ఆపుతారట, అబద్ధమైతే హాయిగా నడుస్తుంది, నిజం చెబితే ఆగుతుంది, థూ, ఏం చేస్తారు, కొడుకు పేరే ఎక్కించి బయటికొచ్చారు, ఎండ భగ్గుమంటోంది, ఆటోలు ఒక్కటీ ఆగడం లేదు, నన్ను నోరు ముయ్యమంటడా వాడు, నేను జెప్త, ఎవలడిగినా జెప్త అని చిలుకమ్మ ఇంకా సణుగుతూనే ఉంది, భవాని ఆమె మోచెయ్యి పట్టుకుంది, ఇన్నేళ్లూ ఎవరి మీద కోపం పెంచుకుందో ఆ మనిషినే పట్టుకుంది, తను చుట్టిన బీడీలన్నీ ఎప్పుడో కాలి బూడిదయ్యాయి, కార్డులో తను లేదు, కంపెనీలో లేదు, సుదర్శన్‌ను అడిగితే తలకాయ కూడా ఊపడు, తను నౌకరీ చేసిందని చెప్పగల మనిషి ఈ లోకంలో ఈ ముసలామె ఒక్కతే, ఈమె పోయిన నాడు భవాని ఒక్క బీడీ కూడా చుట్టనట్టే.