కోత పిల్లలు

"ఇవాళ నువ్వు సెలవు పెట్టుకో జ్యోతీ, ఒంట్లో నలతగా ఉందన్నావుగా" అంటూ త్రినాథ్ నా చేతికి కాఫీ గ్లాసు అందించాడు.

నేనెప్పుడన్నాను? అనుకుంటూనే గ్లాసు అందుకున్నాను. ఈ ఇంట్లో కాఫీ కలిపేదాన్ని నేను, క్యారేజీలు సర్దేదాన్ని నేను, బండెక్కబోతుంటే "గ్యాస్ కట్టేశావా, తాళం వేశావా" అనిపించుకునేదాన్ని కూడా నేనే. పెళ్ళయినప్పటి నుంచీ లేనిది, ఈయనగారికి ఇవాళ పంచదార డబ్బా ఎక్కడుందో ఎలా తెలిసింది? వంటింట్లోంచి అత్తయ్య గొంతు కూడా వినిపించింది. "పడుకోమ్మా, ఇడ్లీ నేను పెడతాలే." మోకాళ్ళ నొప్పులని స్టవ్వు దగ్గరికే రాని మనిషి. తల్లీకొడుకులు కూడబలుక్కునే చేస్తున్నారిదంతా. చల్లారిపోయిన కాఫీని కిటికీలో పెట్టేశాను.

ముందుగా వచ్చిన అనుమానం ఏ ఆడదానికైనా వచ్చేదే. ఆయన అద్దం ముందు క్రాఫు దువ్వుకుంటుంటే కొత్త చొక్కానీ, సెల్లునీ మార్చిమార్చి చూశాను. అబ్బే, ఈయనకంత ఓపికెక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది. మూడో తరగతి పిల్లలకి చదవడం వచ్చిందో లేదో చూడటానికి మండలం నుంచి ఇవాళ మనిషి వస్తున్నాడు. మా బళ్ళో ఉన్న టీచర్లం మేమిద్దరమే. ఆయన హెడ్మాస్టరు, మూడో తరగతి నాది. నా తరగతికి పరీక్ష ఉన్న రోజున నన్ను ఇంట్లో పడుకోమంటాడేం? బండి చప్పుడు సందు దాటగానే చీర మార్చుకుని నల్లపాడు సెంటర్లో ఆటో ఎక్కాను.

బళ్ళో మధ్యాహ్నం భోజనం వండే గురవమ్మ బియ్యం కడుగుతోంది. తరగతి గదిలోకి తొంగిచూస్తే వెనక బెంచీలన్నీ ఖాళీ.

"కోత పిల్లలేరి గురవమ్మా?"

మిరప కోతలకి కర్నూలు జిల్లా నుంచి వచ్చే కూలీల పిల్లల్ని ఊళ్ళో అలాగే పిలుస్తారు. చేలల్లో పని ఉన్నన్నాళ్ళూ వాళ్ళు మా బళ్ళోనే చదువుకుంటారు. ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళ పిల్లలంతా ప్రైవేటు స్కూలు బస్సులెక్కేస్తుంటే, మా బెంచీలు నిండేది వీళ్ళతోనే. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తారని భయం పట్టుకున్నప్పుడు త్రినాథే వాళ్ళ గుడారాల చుట్టూ తిరిగి పేర్లు రాసుకొచ్చాడు. తలలు లెక్కపెట్టడానికి పనికొచ్చారు.

"సారే రావద్దన్నారంట మేడం" అంది గురవమ్మ. "మంచి మార్కులొస్తే మండలంలో మన బడికి పేరొస్తదంటగా. ఆ యాస మనుషులకేం వచ్చు, ఉన్న పరువు తీస్తారు అన్నారు." అంతలోనే నా మొహం చూసి నాలిక్కరుచుకుంది. మాదీ ఆ కర్నూలు వైపు ఆదోనే అని ఆమెకు తెలుసు.

కాఫీ ఎందుకో అప్పుడర్థమైంది. వాళ్ళని రావద్దన్నట్టే నన్నూ రావద్దన్నాడు. కాకపోతే పెళ్ళాన్ని కాబట్టి కాస్త మర్యాదగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

మిరపకాయలు ఆరబోసిన కల్లం బడికి దగ్గరే. ఘాటుకి దగ్గుతూ వెళ్ళేసరికి కోత పిల్లల మధ్య కూర్చుని ఉరుకుందమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నా తరగతిలో గలగలా చదివే పిల్లల్లో అదొకతి.

"సారు వద్దన్యాడు కదా మేడం?" అంది లేచి నిలబడి.

"నేను రమ్మంటున్నా. చేతులు కడుక్కుని అందరూ పదండి."

మమ్మల్ని చూడగానే త్రినాథ్ మొహం మాడిపోయింది. పరీక్షకు వచ్చిన ఖాదర్ వలి కుర్రవాడు, మర్యాదస్థుడు. "మేడం గారు సెలవన్నారే" అంటూ లేచి కుర్చీ జరిపాడు. నేను పిల్లల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టాను.

ముందు బొమ్మ చూపిస్తారు. పేరు చెబితే కింద ఉన్న వాక్యాలు చదవమంటారు, చెప్పకపోతే అక్కడితో ఆపేస్తారు. ఉరుకుందమ్మ బొమ్మను ఒక్క చూపు చూసి "ఎనుము" అంది.

ఖాదర్ వలికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. అదే మాట, ఈసారి కొంచెం చిన్నగా. ముందు బెంచీల్లో నవ్వులు. "నే చెప్పాగా సార్, వీళ్ళకి తెలుగే సరిగా రాదు. వదిలేయండి" అన్నాడు త్రినాథ్. ఆ పిల్ల తలదించుకుంది.

ఆ తల దించుకోవడం నాకు తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో ఎనుము ఈనిందని సంబరంగా లోపలికి పరుగెత్తుకొచ్చి చెప్పాను. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఏ చుట్టం వచ్చినా "మా కోడల్ని గేదెనేమంటారో అడగండి" అనేది. పిల్లలకి చదువు చెప్పే నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి, వాళ్ళ వినోదం కోసం ఆ మాట అని చూపించేదాన్ని. ఈయన కూడా నవ్వేవాడు. "నలుగురిలో నోరు విప్పకు, నాకు తలవంపులు" అని గదిలోకొచ్చి చెప్పేవాడు. ఎనుముని గేదె అని, తట్టుని వైపు అని, అలా అలా నా మాట మార్చేసుకున్నాను. మార్చుకున్నానని మెచ్చుకుంటే సంతోషించాను కూడా. ఛీ, ఎందుకు సంతోషించాను?

"పిల్ల చెప్పింది తెలుగే సార్" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "గేదెని మేం ఎనుమనే అంటాం. కింద వాక్యాలు చదివించండి."

"జ్యోతీ, నువ్వాగు" అన్నాడు త్రినాథ్. ఖాదర్ వలి ఆయన్నీ నన్నూ చూసి, కాగితాన్ని ఆ పిల్ల ముందుకు జరిపాడు. ఉరుకుందమ్మ వేలు పెట్టుకుని మొదలుపెట్టింది, రెండో వాక్యానికి వేలు తీసేసింది. ఒత్తులు కూడా మింగకుండా చివరిదాకా చదివింది. కోత పిల్లలందరూ అలా చదివారని చెప్పను. కొందరు తడబడ్డారు, ముందు బెంచీల వాళ్ళు కొందరు తడబడ్డట్టే. కానీ ఖాదర్ వలి ఒక్కరినీ వదలకుండా అందరినీ చదివించాడు.

సాయంత్రం బడి వదిలాక త్రినాథ్ గేటు దగ్గర బండి స్టార్ట్ చేశాడు. పిల్లలు గుడారాలకేసి వెళ్తున్నారు.

"అందరి ముందూ నన్ను వెధవని చేశావు" అన్నాడు. "నీ కోసమే ఇంట్లో ఉండమన్నా. వాడి ముందు ఆ మాటలు మాట్లాడితే నీకే చిన్నతనమని."

నేను వెళ్తున్న పిల్లలకేసి చూస్తున్నాను. ఇంతసేపూ కోపంగా ఉన్న ఆయన మొహం ఉన్నట్టుండి జాలిగా మారింది. ఉదయం కాఫీ ఇచ్చిన మొహమే.

"అసలు నువ్వు ఎవరి వైపే?"

"మా తట్టు" అన్నాను.